తిరగేసిన దారి

చొక్కాను తిరగేసి తొడుక్కుంటే కుట్లు బయటపడతాయి, నలుగురూ నవ్వుతారు, అంతటితో సరి. దారిని కూడా అలాగే తిరగేయవచ్చని మరిదికి ఎవరు చెప్పారో గానీ, శుక్రవారం మధ్యాహ్నం పెద్దకోడలు భర్తకు భోజనం క్యారియరు పట్టుకుని సైకిలు షాపులో అడుగుపెట్టేసరికి, ఆమె రాసిన దారుల్లో మూడోది తలకిందులై, కొత్త అట్టల మీద అచ్చయి, బల్ల మీద కట్టలుగా పేర్చి ఉంది.

షాపు అన్నదమ్ములిద్దరిదీ. అన్న సైకిళ్ళను చూసుకుంటాడు, తమ్ముడు మనుషులను చూసుకుంటాడు. సెలవురోజుల్లో పట్నం నుంచి జనం వస్తారు. లారీల రొద లేని పల్లెదారుల్లో తొక్కుకుంటూ, పాత ఊళ్ళలో కోటగోడలూ రాతి తోరణాలూ గడియారపు బురుజులూ చూసి, కాళ్ళు పీకుతున్నాయని సంతోషంగా చెప్పుకుంటూ తిరిగి వస్తారు. బయలుదేరేముందు షాపు వాళ్ళకు ఒక దారిచీటీ ఇస్తుంది. అరచేయంత అట్ట. హ్యాండిలుకు క్లిప్పుతో తగిలించుకోవాలి. ఎన్నో కిలోమీటరు దగ్గర, ఎటు తిరగాలి, అక్కడ గుర్తేమిటి, అంతే ఉంటుంది దాని మీద. ఆ గుట్టల మధ్య ఫోనుకు సిగ్నలు అందదు కనక కొత్తవాళ్ళకు దిక్కయినా మొక్కయినా ఆ అట్టే.

ఆ చీటీలు రాసింది పెద్దకోడలు. పిల్లలు బడికి, భర్త షాపుకు వెళ్ళాక మిగిలే మూడు గంటల్లో, ఆరేళ్ళపాటు, చక్రానికి మీటరు బిగించిన పాత సైకిలు మీద చుట్టుపక్కల దారులన్నీ తిరిగి రాసింది. ఒక్కో మలుపును మూడుసార్లు కొలిచేది. కొలతలు కలవకపోతే నాలుగోసారి వెళ్ళేది. ఏ ఇంటి కుక్క వెంటపడుతుందో, ఏ పంపులో నీళ్ళు వస్తాయో, ఏ రాళ్ళబాట వాన పడితే సబ్బులా జారుతుందో ఆమెకు తెలుసు. మరిది ఆమెకు మీటరమ్మ అని పేరు పెట్టాడు. మొదట్లో అది ముద్దుపేరే.

ఆమె పైనున్న అట్ట తీసి చూసింది. ఒకపక్క మరిది ఫోటో. హెల్మెట్టూ పళ్ళూ మాత్రం బాగా పడ్డాయి. దాని కింద ‘దారి రూపకల్పన’ అని, అతని పేరు.

“ఎవరు తిప్పారిది?”

“ఎవరు తిప్పితే ఏంటి వదినా, అందంగా ఉందా లేదా?” అన్నాడు మరిది. “నీ లెక్కన పోతే బురుజు ఊరికి పొద్దెక్కాక చేరతారు. ఎండ కళ్ళలో కొడుతుంది, ఒక్క ఫోటో సరిగ్గా రాదు. ఇటునుంచి పోతే పొద్దున్నే చేరతారు. వెలుగు మెత్తగా పడుతుంది.”

“దారిని తిప్పకూడదు.”

“ఎందుకట? ఎడమ ఉన్నచోట కుడి పెట్టాను, కుడి ఉన్నచోట ఎడమ పెట్టాను. కింది వరస పైకి తెచ్చాను. మొత్తం నలభై ఆరు కిలోమీటర్లు, అందులోంచి తీసేశాను. నాలుగో క్లాసు లెక్క. దీనికి నీ డిగ్రీ కావాలా?”

“తొక్కి చూశావా?”

“పెన్సిల్‌కి దారం కట్టుకుని, మెళ్ళో వేసుకుని, ఊరూరా తిరగడానికి నాకు తీరికెక్కడిది?”

మూలన చక్రం బెండు తీస్తున్న భర్త తల ఎత్తకుండానే అన్నాడు. “ఇద్దరూ కాస్త ఆపండి. మీ అరుపులకి ఇది కూడా వణుకుతోంది.”

“నేను అరవలేదు,” అంది పెద్దకోడలు. నిజమే. ఆమె ఎప్పుడూ అరవదు. అరిచేవాళ్ళకంటే అదే ఎక్కువ మంటగా ఉంటుందని మరిది అభిప్రాయం.

“రేపు పద్నాలుగు మంది వస్తున్నారు,” అన్నాడతను. “ఆసుపత్రిలో పనిచేసి రిటైరైనవాళ్ళ సంఘం. నేనే ముందుండి తీసుకెళ్తున్నా. ఇంకోమాట వదినా, ఇకమీదట చీటీల పని కూడా నాదే. మిగతా దారుల చీటీలు కూడా కొత్తగా అచ్చు వేయిస్తున్నా. నువ్వు ఎండల్లో తిరిగింది చాల్లే. ఇంట్లో హాయిగా కూర్చో. అన్నయ్యకి చెప్పేశా.”

పెద్దకోడలు భర్తవైపు చూసింది. అతను ఎప్పుడో బిగిసిపోయిన చువ్వను ఇంకా బిగిస్తున్నాడు.

ఆరేళ్ళ పని ఒక్క మాటతో పోయింది. దానికి ఏడవాలనిపించలేదు. అట్టను మళ్ళీ చదవాలనిపించింది. నిలబడే చదివింది. 15.2 దగ్గర కుడి, తోరణం కిందనుంచి. 21.9 దగ్గర ఎడమ, మూతపడిన బడి. మధ్యలో ఏమీ లేదు.

ఆమె రాసిన చీటీలో కూడా మధ్యలో ఏమీ లేదు. ఆమె వెళ్ళే దిక్కునుంచి అయితే అక్కర్లేదు మరి. సన్నబాట ఏటవాలుగా వెళ్ళి వెడల్పు రోడ్డులో కలుస్తుంది, రెండు పాయలు ఒక జడలో కలిసినట్టు. కలిసేవాడికి అనుమానం రాదు. అనుమానం లేనిచోట మాట రాయకూడదన్నది ఆమె పద్ధతి. కానీ ఎదురునుంచి వచ్చేవాడికి అదే చోట జడ విడిపోయి రెండు దారులవుతుంది. వెడల్పుది తిన్నగా పోయి పాడుబడ్డ రాతి గనిలోకి దిగుతుంది. అసలు దారి కుడివైపు కంచె చాటునుంచి దొంగలా జారుకుంటుంది. తెలియనివాడు పదిసార్లు వస్తే పదిసార్లూ గనిలోకే పోతాడు.

మాట నోటిదాకా వచ్చింది. మరిది ఒక్కసారి “ఎక్కడ తప్పు?” అని అడిగితే బయటికి వచ్చేది కూడా.

“ఏంటి వదినా, కోడిగుడ్డు మీద ఈకలు పీకుతున్నావా?” అన్నాడు.

“లేదు. అచ్చు బాగా వచ్చింది,” అని క్యారియరు బల్ల మీద పెట్టి ఆమె బయటికి నడిచింది.

సాయంత్రం తోటికోడలు ఉతికిన బట్టలు మడతపెడుతూ, పుండు ఎక్కడుందో చూసి మరీ వేలు పెట్టింది. “అక్కా, అట్ట మీద పేరు ఎవరిదైతే ఏముంది చెప్పు? ఇంటి పేరు ఒకటేగా.”

“అయితే నీ పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద నా పేరు రాయించు,” అంది పెద్దకోడలు.

తోటికోడలు ఆ తర్వాత దుప్పట్లన్నీ విసురుగా మడిచింది. భోజనాల దగ్గర నలుగురూ ఉప్పు కావాలన్నా పిల్లలతో చెప్పించుకున్నారు. పడుకోబోతూ భర్త, “నాలుగు రోజులు ఓపిక పట్టు, వాడే నీ కాళ్ళ దగ్గరికి వస్తాడు,” అన్నాడు. నాలుగు రోజులు అక్కర్లేదని ఆమె మనసులో అనుకుంది. రేపు ఎనిమిదిన్నరకే వస్తాడు.

శనివారం ఏడింటికి షాపు ముందు పద్నాలుగు సైకిళ్ళు వరసగా నిలబడ్డాయి. బయలుదేరేవాళ్ళ సీసాల్లో నీళ్ళు నింపడం పెద్దకోడలి పని. దాన్ని ఇంకా ఎవరూ లాక్కోలేదు. సంఘానికి పెద్ద ఒక హెడ్‌నర్సు. పొడవాటి మనిషి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, నిలబడి అందరి టైర్లూ తానే నొక్కి చూసుకుంటోంది. అందరికంటే పెద్దవాడు ఎక్స్‌రే మాస్టారు. నలభై ఏళ్ళు చీకటిగదిలో జనాల ఎముకలు చూసినవాడు. చెవి కొంచెం మందం.

“అమ్మా, ఈ దారిలో దిగుడులు ఎక్కువా?” అని ఆమెను అడిగాడు. “దిగేటప్పుడు ఏ బ్రేకు నొక్కాలి?”

“వెనకది ముందు నొక్కండి. ముందుది మెల్లగా.”

“ముందుది వెనక, వెనకది ముందు! బాగుంది,” అని ఆయన నవ్వాడు.

అప్పుడు చెప్పవచ్చు. సీసాకు మూత బిగిస్తూ, పద్దెనిమిది దాటాక కుడికి అని ఒక్క ముక్క. మరిది ఈల వేశాడు. “పదండి పదండి, మా మీటరమ్మగారితో మాటల్లో పడితే మధ్యాహ్నమే అవుతుంది!” జనం నవ్వారు. ఆమె మూత ఇంకో చుట్టు బిగించి సీసా ఇచ్చింది. సైకిళ్ళు బయలుదేరాయి. భర్త స్పేరు చక్రాలు వేసుకుని వ్యానులో వెనకాల వెళ్ళాడు.

ఇంటికి వచ్చి గిన్నెలు తోమింది. చేతులు తోముతున్నా తల లెక్క కడుతూనే ఉంది. గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు. బురుజు దగ్గర ఫోటోలకు ఇరవై అయిదు నిమిషాలు. ఎనిమిదిన్నర ప్రాంతంలో చీలిక దగ్గరికి వస్తారు. ఎవరూ పడిపోవాలని ఆమె కోరుకోలేదు. ఆ మాట తనకు తాను రెండుసార్లు చెప్పుకుంది. పద్నాలుగు మంది రాళ్ళపొడిలో నిలబడి, చేతిలో అట్ట పట్టుకుని, మరిది ముఖంలోకి చూడాలి. అంతే ఆమెకు కావలసింది. అతను అట్టను అటూ ఇటూ తిప్పుతుంటే, ఎవరో ఒకరు, ఇది రాసిందెవరయ్యా అని అడగాలి.

గిన్నె కడిగి బోర్లించబోతుంటే సింకులో నీళ్ళు సుడి తిరుగుతూ కిందికి జారిపోవడం కనిపించింది. గని దిగుడు అలాగే ఉంటుంది. తారు అయిపోయాక వంద గజాలు చదును, తర్వాత ఒక్కసారిగా వంపు, రెండు వేళ్ళ వెడల్పు టైర్ల కింద గుప్పెడంత గులకరాళ్ళు. ముందు బ్రేకు నొక్కితే మనిషి హ్యాండిలు మీదనుంచి ఎగిరిపోతాడు. చెవి మందమైన ముసలాయనకు వెనకది ముందు, ముందుది వెనక అన్నది ఏ మాత్రం గుర్తుంటుంది?

తడిచేతులతోనే సైకిలు బయటికి తీసింది. పాలవ్యాను తిరిగే అడ్డరోడ్డున పోతే చీలికకు తొమ్మిది కిలోమీటర్లు. ఆ ముసలాయన కోసం వెళ్ళిందో, మరిది ముఖం దగ్గరనుంచి చూడటానికి వెళ్ళిందో అడిగితే, రెండూ అని చెప్పేది. ఏది ఎంతో మాత్రం తూచలేదు.

పావుగంట ముందే చేరింది. వెడల్పు రోడ్డు మధ్యలో సైకిలు అడ్డంగా పెట్టి నిలబడింది. అటూ ఇటూ కంచెలు. దూరంగా బురుజు తల. గాలి కూడా లేదు. తర్వాత చైన్ల చప్పుడు వినిపించింది, మలుపులోంచి సైకిళ్ళు వచ్చాయి. ముందు మరిది, వెనకే ఎక్స్‌రే మాస్టారు, తర్వాత మిగతావాళ్ళు.

ఆమె కుడిచేయి చాపి సన్నబాట చూపించింది.

మరిది బ్రేకు వేశాడు. వెనక అందరూ ఒక్కొక్కరే ఆగారు. “ఏంటిది? ఇక్కడిదాకా వచ్చేశావా?”

“కుడికి పోవాలి.”

“చీటీలో లేదు.”

“లేదు గనకే వచ్చాను.”

అతను వెనక్కి తిరిగి జనంతో, “మా వదిన. ఊళ్ళో దారులన్నీ పుట్టింటివాళ్ళు పెట్టారనుకుంటుంది,” అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. హెడ్‌నర్సు నవ్వలేదు.

“తిన్నగా పోతే ఏముందమ్మా?” అని అడిగింది.

“రాతి గని. తారు ఉండదు. దిగుడు.”

“నీకెలా తెలుసు?”

“ఈ దారి రాసింది నేను. ఇటునుంచి కాదు, అటునుంచి.”

మరిది ముఖం ఎర్రబడింది. అట్ట మీద అతని ఫోటో పద్నాలుగు హ్యాండిళ్ళ మీదనుంచి నవ్వుతోంది. “రాసింది నువ్వే అయితే నీ చీటీలో ఈ మలుపు ఎందుకు లేదు? చెప్పు. లేదుగా? లేనిదాన్ని ఇప్పుడు పుట్టించుకుని వచ్చావు, పదిమందిలో నన్ను వెధవని చేయడానికి. తిన్నగానే దారి. నేను చూపిస్తా రండి.” ఆమె సైకిలును కాలితో పక్కకు నెట్టి పెడలు మీద లేచి నిలబడి తొక్కాడు.

ఎక్స్‌రే మాస్టారుకు ఇందులో సగం మాటలు వినపడలేదు. ‘రండి’ ఒక్కటే వినపడింది. ముందువాడు కదిలాడు గనక ఆయనా కదిలాడు.

“మాస్టారూ, ఆగండి!” అని హెడ్‌నర్సు అరిచింది. జీవితంలో మొదటిసారి పెద్దకోడలు కూడా అరిచింది. ఆయన వీపు అంచుదాకా కనిపించి మాయమైంది. రాళ్ళు దొర్లిన చప్పుడు, బ్రేకు కీచుమన్న చప్పుడు, ఆ తర్వాత ఇనుము నేలకు కొట్టుకున్న చప్పుడు.

పెద్దకోడలే ముందు పరుగెత్తింది. వంపు అడుగున మరిది నిలబడి ఉన్నాడు. ముందు టైరు చీలిపోయింది, మోచేయి చెక్కుకుపోయింది. మాస్టారు పక్కకు పడి ఉన్నాడు. హెల్మెట్టు అలాగే ఉంది. కుడి మణికట్టు మాత్రం ఉండాల్సిన తీరున లేదు.

“విరిగింది,” అన్నాడాయన తనే, చేతివైపు చూసి. “ఫిల్ము అక్కర్లేదు.”

హెడ్‌నర్సు మోకాళ్ళ మీద కూర్చుంది. వేళ్ళు కదిలించమంది, మెడ తడిమింది, కళ్ళు చూసింది. “గట్టిగా ఉండేది ఏదైనా ఇవ్వండి,” అంది. మరిది వీపుసంచిలో మిగిలిన అట్టలకట్ట ఉంది. “అది ఇటివ్వు.” ఆ కట్టను రెండుగా విడదీసి, మణికట్టుకు కిందొకటి పైనొకటి పెట్టి, తన మెడగుడ్డతో బిగించి కట్టింది.

అంతలో వ్యాను వచ్చింది. భర్త దిగి, కిందికి తొంగిచూసి, జారుకుంటూ వచ్చాడు. మాస్టారును ఇద్దరు పట్టుకుని పైకి ఎక్కించారు. వ్యానులో కూర్చోబెట్టాక హెడ్‌నర్సు చేతులు దులుపుకుని మరిదివైపు తిరిగింది.

“ఈ కాగితం తప్పని నీకెప్పుడు తెలిసింది?”

“ఇప్పుడే. ఒట్టు. నా కళ్ళముందే తెలిసింది.”

“నీకో అమ్మాయ్?”

అబద్ధం చెప్పవచ్చు. ఇందాకే తట్టింది, వెంటనే వచ్చాను అంటే నమ్ముతారు, పైగా మెచ్చుకుంటారు. కొలత కలవకపోతే నాలుగోసారి వెళ్ళిన మనిషికి ఆ అంకె నోట రాలేదు.

“నిన్న మధ్యాహ్నం,” అంది.

వ్యానులో మాస్టారు ఒకసారి మూలిగాడు.

“విన్నావా అన్నయ్యా?” మరిది అన్నవైపు తిరిగాడు. “నేను తెలీక చేశాను. ఈవిడ తెలిసి ఊరుకుంది. పొద్దున ఆయన సీసాలో నీళ్ళు కూడా పోసింది.”

“నువ్వు అడగలేదు,” అంది పెద్దకోడలు.

“అడక్కపోతే చెప్పవా? పిల్లాడు బావిలోకి తొంగిచూస్తుంటే, వాడు అడిగేదాకా గట్టుమీద కూర్చుంటావా?”

దానికి ఆమె దగ్గర జవాబు ఉండాలి. నిన్నటినుంచి వండి ఉంచుకున్నదే. ఆరేళ్ళు, మూడేసి కొలతలు, అట్ట మీద పేరు. వంటింట్లో అది ఎంతో గట్టిగా ఉంది. ఇక్కడ పదమూడు మంది ముందు బయటికి తీయబోతే మాడు వాసన వేసింది.

“నాకైనా చెప్పకపోయావా?” అన్నాడు భర్త.

“మీరు చువ్వ బిగిస్తున్నారు.”

అతను చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు. “సైకిలు వ్యానులో వెయ్యి. ఇంటికి పద,” అన్నాడు.

“వీళ్ళనెవరు తీసుకెళ్తారు? ఇంకా ఇరవై ఏడు కిలోమీటర్లుంది.”

“వచ్చిన దారినే పోతారు.”

“వచ్చిన దారి కూడా ఈ చీటీలో తలకిందులుగానే ఉంది,” అంది ఆమె. “మీ తమ్ముడికి మళ్ళీ తిరగేసే ఓపికుందేమో అడగండి.”

మరిది ముందుకు ఒక అడుగు వేశాడు. భర్త అతని భుజం పట్టుకుని వ్యానులోకి తోశాడు. ఆమెవైపు మళ్ళీ చూడకుండా తానూ ఎక్కి, స్టీరింగు ముందు కూర్చుని, ఇంజను వేయకుండా ఉండిపోయాడు.

హెడ్‌నర్సు తనవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గుసగుసలు. “నాకొద్దు ఆవిడ,” అని ఎవరో గట్టిగానే అన్నారు. “పాము కంటే నయమా?” అని ఇంకెవరో. “పాముకి దారి తెలుసుగా, అది చాలు,” అని హెడ్‌నర్సు. వెనక్కి వచ్చి ఆమె ఎదురుగా నిలబడింది.

“ఇలాంటివి ఇంకెన్ని చోట్ల ఉన్నాయి?”

“మూడు.”

“అవీ నిన్ననే తెలుసా?”

“తెలుసు.”

“నువ్వే తీసుకెళ్ళు. నిన్ను నమ్మి కాదు, నీకు తెలుసు గనక. ముందు ఆ మూడూ చెప్పు. అందరికీ వినపడేలా.”

పదమూడు మంది క్లిప్పుల్లోంచి అట్టలు తీశారు. పెన్ను ఒకటే ఉంది. హెడ్‌నర్సు రాసి పక్కవాళ్ళకు ఇచ్చింది, వాళ్ళు రాసి ఆ పక్కవాళ్ళకు.

“ఇరవై నాలుగున్నర దగ్గర,” అంది పెద్దకోడలు, “రాతి వంతెన దాటగానే రోడ్డు రెండవుతుంది. ఎడమది పట్టుకోవాలి. కుడిది ఒకరి పొలంలోకి పోతుంది, అక్కడ కుక్కలు విప్పి ఉంటాయి.”

“నిదానంగా చెప్పు. రాసుకుంటున్నాం.”

ఆమె నిదానంగా చెప్పింది. రెండోది చెప్పింది. మూడోది చెప్పేటప్పుడు అంకె మీద ఒక్క క్షణం ఆగింది. ఆగినందుకు పదమూడు తలలు ఒక్కసారి లేచాయి. “ముప్ఫై ఎనిమిది పాయింట్ ఒకటి,” అంది. “సున్నా కాదు. ఒకటి.” పెన్ను చేతులు మారుతున్నంతసేపూ ఎండలో నిలబడి, అడిగినవాళ్ళకు మళ్ళీ చెప్పింది. ఎవరూ ఆమె ముఖం చూడలేదు, అట్టనే చూశారు.

వ్యాను కదిలింది. అద్దంలోంచి మరిది ఏదో అన్నాడు. ఇంజను చప్పుడులో వినపడలేదు గానీ, మంచిమాట అయి ఉండదు. భర్త హారను కొట్టలేదు. చేయి ఊపలేదు.

“నువ్వు ముందు నడువు,” అంది హెడ్‌నర్సు. “మేం చూసుకుంటూ వస్తాం.”

పెద్దకోడలు సన్నబాటలోకి తిరిగింది. వెనక చైన్లు ఒకటొకటిగా కదిలాయి. వరసలో పోయేటప్పుడు ముందు సైకిలుకు ఒక సైకిలు పొడవు వదలాలి. ఆమె వెనక వాళ్ళు నాలుగు సైకిళ్ళ పొడవు వదిలారు.